మూత పెట్టిన డబ్బా

హనుమండ్లు బజ్జీని నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. కొరకలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అటు తిప్పి మళ్లీ చూశాడు.

"ఏందన్నా, మల్లెపువ్వు అనుకున్నవా?" అంది బాలవ్వ, జల్లిగరిటెతో ఇంకో వాయి తీస్తూ.

"గట్లేం లేదు చెల్లె. నూనె యాడిది?"

"యాడిదుంటది? అంగట్ల గానుగాయన తాన కొన్నది. ఎప్పుడు కొనేదే."

"మంచిదే, మంచిదే. కడుపుల జర గడబిడగున్నది." బజ్జీని కాగితంలోనే వదిలేసి, తువ్వాల దులుపుకొని వెళ్లిపోయాడు.

హనుమండ్లు కడుపులో గడబిడ అంటే మందమర్రిలో చిన్నపిల్లలు కూడా నమ్మరు. బొగ్గు బాయిలో పట్టాల మీది టబ్బులు నింపే మనిషి. దిగే ముందు ఒక పొట్లం, పైకొచ్చాక ఒక పొట్లం మిరపకాయ బజ్జీలు తినకపోతే అతనికి షిఫ్టు అయినట్టే ఉండదు. ఆ చుట్టుపక్కల గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. బాయి గేటుకు ఎదురుగా నాలుగు గుంజల మీద రేకులు వేసుకుని బాలవ్వ బజ్జీలు కాలుస్తుంది. ఆమె కొట్టుకు హనుమండ్లు పాత గిరాకీ.

ఆ సాయంత్రమే ఇంకో ఇద్దరు మూకుడులోకి తొంగి చూసి, బీడీ ముట్టించుకుని, ఊరికే వచ్చినట్టు వెళ్లిపోయారు. మరునాడు పిండి మిగిలింది. ఆ మరునాడు చాలా మిగిలింది. అన్నేళ్లలో బాలవ్వ పిండి పారబోసింది అదే మొదటిసారి.

రాత్రి అన్నం పెడుతూ మొగుడికి చెప్పింది. "అందరు నూనె యాడిదని అడుగుతున్రు. తినేటోడు పచ్చిమిర్చి ఘాటు గురించి అడుగుతడు, ఉప్పు గురించి అడుగుతడు. నూనె గురించి అడుగుడేంది?"

మొండయ్య ముద్ద కలుపుతూ ఆగాడు. ఎవడో కావాలని ఏదో పుకారు అంటించాడు అనుకున్నాడు. ఎవడన్నది తేల్చాలి. ఆ రాత్రి నుంచి అతని కళ్లకు ప్రతివాడూ అనుమానంగానే కనిపించాడు. అదే సమయంలో ప్రతివాడి కళ్లకూ అతను అలాగే కనిపిస్తున్నాడన్న సంగతి మాత్రం అతనికి ఇంకా తెలియదు.

మొండయ్యది చొప్పదండి దగ్గర పల్లె. కాపు కుటుంబం. నిజాం రాజ్యం పోయిన కొత్తలో, రేపోమాపో భూములు పంచుతారని అందరూ అనుకుంటున్న రోజుల్లో, అతని చేతిలో ఉన్న కౌలు చెక్క కూడా జారిపోయింది. తమ్ముడు రాయమల్లు ఊళ్లోనే ఉండి మిగిలిన మడిలో కూరగాయలు పెట్టాడు. మొండయ్య బాయికి వచ్చాడు. ఏళ్ల తరబడి టబ్బులు నింపాడు. ఒకనాడు నిండు టబ్బు పట్టాల మీద జారి మోకాలిని గోడకు నొక్కింది. మోకాలు అతికింది కానీ వంగడం మానేసింది. డాక్టరు ఇక దిగొద్దన్నాడు. బాయి పైన, కార్మికుల క్యాంటీన్‌లో సామాను మోసే పనిలో వేశారు. జీతం చాలా తగ్గింది. ఆ తగ్గినదాన్ని పూడ్చడానికి పుట్టిందే బాలవ్వ బజ్జీల కొట్టు. ఇల్లు నిలబడింది మొండయ్య జీతం మీద కాదు, ఆ మూకుడు మీద.

ఊళ్లో మాత్రం అతను "క్యాంటీన్ల మేస్త్రి" అని చెప్పుకున్నాడు. రాయమల్లు దాన్ని ఇంకొంచెం పెంచి "మా అన్న కింద పదిమంది పనిజేస్తరు" అని ఊరంతా చెప్పాడు. అన్నదమ్ములు ఒకరి అబద్ధాన్ని ఒకరు అలా కాపాడుకుంటూ సుఖంగానే ఉన్నారు.

క్యాంటీన్ వెనక సిమెంటు హౌజు ఒకటి ఉంది. వందలమంది తిన్న పళ్లేలు, పెద్ద పెద్ద గంగాళాలు కడిగిన నీళ్లన్నీ అందులోకి వస్తాయి. జిడ్డు పైకి తేలుతుంది, నీళ్లు అడుగునుంచి కాలువలోకి పోతాయి. ఆ తేలిన జిడ్డును ఎప్పటికప్పుడు తీసేయకపోతే కాలువ మూసుకుపోయి మురుగంతా వంటింట్లోకి ఎదురు తంతుంది. జిడ్డు హౌజు అనేవారు దాన్ని. దాన్ని తోడే సఫాయి మనిషికి వేరే చోటికి బదిలీ అయింది. మేనేజర్ సీతారాంరావు మొండయ్యను పిలిచాడు.

"మొండయ్యా, గా హౌజు సంగతి జర నువ్వు చూడు. కొత్త మనిషి వచ్చేదాక."

"నేనా, దొరా?"

"వచ్చేదాకనే అంటున్న గద."

కొత్త మనిషి రాలేదు. రాడని మేనేజర్‌కూ తెలుసు, మొండయ్యకూ తెలుసు.

బాయిలో కులం లేదని ఉపన్యాసాలు చెప్పేవాళ్లున్నారు. బాయి అడుగున లేదేమో. ఆ చీకట్లో ఎవరి మొహమైనా నల్లగానే ఉంటుంది. పైకి వచ్చి మొహం కడుక్కున్న క్షణం నుంచి ఎవరి కులం వారికి తిరిగి వచ్చేది. జిడ్డు హౌజు తోడే పని ఎవరిదో అందరికీ తెలుసు. అది కాపు మనిషి చేతికి వచ్చిందని చొప్పదండి దిక్కున తెలిస్తే ఏమవుతుందో మొండయ్యకు తెలుసు. శ్రమకు చిన్నా పెద్దా లేదన్న మాట ఆ రోజుల్లో గోడల మీద రాసి ఉండేది. గోడల మీద రాసినవాళ్లెవరూ హౌజులో చేయి పెట్టలేదు.

మొదటిసారి అతను పాత పద్ధతిలోనే చేశాడు. గంగాళం నిండా నీళ్లు మరగబెట్టి హౌజులో గుమ్మరించడం, కట్టెతో కలియబెట్టడం, కరిగినదాన్ని బకీటుతో తోడడం. సగం బకీటులోకి, సగం నేల మీదికి, కొంత మోకాళ్ల మీదికి. కరిగి జారిపోయిన జిడ్డు కాలువలో కాస్త దూరం పోయి, చల్లారి, మేనేజర్ గది ముందు గడ్డకట్టింది. వాసన గేటు దాకా పోయింది. ఇంటికి వస్తే బాలవ్వ వాకిట్లోనే ఆపింది.

"ఆడనే ఉండు. ఈడ శెనగపిండి ఉన్నది. ముందు నీళ్లు పోసుకో."

ఎన్ని నీళ్లు పోసుకున్నా వాసన పోలేదు. తమ్ముడు అంగడి నాడు మిర్చి బస్తాతో వస్తాడు, పక్కనే కూర్చుంటాడు. ఈ వాసన ఏమిటని అడిగితే? ఆ ఒక్క ప్రశ్న మొండయ్యకు నిద్ర లేకుండా చేసింది. ఆ తర్వాత అతను పట్టిన కొత్త పద్ధతి పరిశుభ్రత మీద ప్రేమతో పుట్టింది కాదు. పరువు పోతుందన్న భయంతో పుట్టింది.

వేడి చేస్తే కదా కరిగేది, కరిగితే కదా చిందేది అనుకున్నాడు. పొయ్యిలు ముట్టించక ముందే, తెల్లారగట్ల చల్లదనంలో హౌజు మూత తీశాడు. జిడ్డు మందపాటి పొరలా పేరుకుని ఉంది. నీళ్లు లోపలికి వచ్చే తూమును గోనెగుడ్డతో బిగించాడు. రేకు ముక్కను వంచి వెడల్పాటి చేట లాంటిది చేసుకుని, పొరను పళ్లెంలో పిండివంట కోసినట్టు ముక్కలుగా కోసి, అడుగు నీటిని కదపకుండా ఒక్కొక్కటే పైకి ఎత్తాడు. పాత నూనె డబ్బాలో ముందుగా బాయిలర్ బూడిద పరిచి, దాని మీద జిడ్డు, మళ్లీ బూడిద, మళ్లీ జిడ్డు. పైన మూత. ఎండాకాలంలో పొర గట్టిపడదు. అప్పుడు హౌజు మీద వడ్ల ఊక చల్లేవాడు. ఊక జిడ్డును పీల్చుకుని అట్టు కట్టేది, దాన్ని ఎత్తేసేవాడు. హౌజు చుట్టూ గోనె పరిచి పని చేసేవాడు కనుక నేల మీద చుక్క ఉండేది కాదు. వంటవాళ్ల వెంటపడి, గంగాళాలను కడిగే ముందు బూడిదతో తుడిపించడం మొదలుపెట్టాడు. దాంతో హౌజులోకి వచ్చేదే తగ్గింది.

చివరికి డబ్బాను బయట కూడా బూడిద, చింతపండు వేసి తళతళలాడేలా తోమేవాడు. నెత్తిన పెట్టుకుని, పైన ఉతికిన తువ్వాల కప్పి, కార్మికుల ఇళ్ల లైన్ల వెనకనున్న బూడిద కుప్ప దగ్గరికి మోసుకుపోయి, గుంత తీసి పూడ్చి వచ్చేవాడు. దారిలో ఎవరైనా చూస్తే బంధువులింటికి నెయ్యి తీసుకుపోతున్నట్టు ఉండాలి. అలాగే ఉండేది. క్యాంటీన్ వెనక వాసన లేదు, కాలువ ఎదురు తన్నడం లేదు. సీతారాంరావు తన గది కిటికీ తెరిచి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఇదంతా సవ్యంగా జరుగుతుండగానే బాలవ్వ పిండి మిగలడం మొదలైంది.

మొండయ్య అనుమానం ముందు అంబదాస్ మీదికి పోయింది. అంబదాస్ పెద్ద వంటవాడు, ఆసిఫాబాద్ అవతలివాడు, మాటలో మరాఠీ కలుస్తుంది. గంగాళాలు బూడిదతో తుడవమన్నందుకు అతను సణుగుతూనే ఉన్నాడు. మొండయ్య పొయ్యి దగ్గరే నిలదీశాడు.

"నా పెండ్లాం కొట్టు మీద నువ్వేం జెప్పినవ్?"

"అరె భావూ, నేనెందుకు చెప్త? నన్నే అడుగుతున్రు. 'హౌజుల జిడ్డు యాడికి పోతుంది' అని."

"నువ్వేమన్నవ్?"

"నాకు మాలూం లేదన్న. నిజం గదే గద! పహలే జిడ్డు ఎంత గలీజుగుండె! అందరికి కనవడుతుండె, అందరు ముక్కు మూసుకుంటుండ్రి. ఇప్పుడు పొద్దుగాల వచ్చి చూస్తే హౌజు సాఫ్. జిడ్డు మాయం." అంబదాస్ గొంతు తగ్గించాడు. "నాతోని జెప్పు భావూ, ఎవ్వరికి చెప్ప. యాడ అమ్ముతున్నవ్?"

అడగడానికి పోయినవాడే జవాబు చెప్పాల్సి వచ్చింది. వెనుదిరిగి వస్తుంటే గిన్నెలు తోమే ఆడవాళ్లు మాటలు ఆపేశారు. నిన్నటి దాకా ఇలాగే ఆపేవాళ్లా, ఇవాళే ఆపుతున్నారా అన్నది అతనికి తేలలేదు.

ఆ వారంలోనే మాట మేనేజర్ దాకా పోయింది. హౌజు జిడ్డును కరిగించి, వడకట్టి, మొండయ్య పెండ్లాం బజ్జీలు కాలుస్తున్నది. అదీ మాట. ఇంత శుభ్రమైన పని వెనక ఏదో లాభం లేకుండా ఉండదని ఊరంతా ఒక నిర్ణయానికి వచ్చేసింది. సీతారాంరావు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని స్వయంగా బూడిద కుప్ప దగ్గరికి వచ్చాడు.

"తవ్వు," అన్నాడు.

మొండయ్య పారతో తవ్వాడు. బూడిద రంగు ముద్దలు, ఊక అట్లు, వరసగా పాతవీ కొత్తవీ బయటపడ్డాయి. కుక్క ఒకటి ముందుకొచ్చి, వాసన చూసి, వెనక్కి పోయింది.

"సరే, సరే, పూడ్చు. నేను అందరికీ చెప్త."

చెప్పాడు కూడా. క్యాంటీన్‌లో నిలబడి, మొండయ్య పని తాను కళ్లారా చూశానని, పుకార్లు పుట్టించేవాళ్ల మీద చర్య తీసుకుంటానని గట్టిగా చెప్పాడు. అందరూ విన్నారు. గేటు దాటాక ఒకడు అన్నాడు:

"దొరకు వాటా పోతున్నది. లేకుంటే గంత కోపమెందుకు?"

అధికారి సాక్ష్యానికి మందమర్రిలో ఉన్న విలువ అంత.

బాలవ్వ ఊరుకునే మనిషి కాదు. మరునాడు షిఫ్టు మారే వేళకు డబ్బా ఎత్తి అందరి ముందు మూకుడులోకి నూనె వంచింది. వంచి, ఒక గరిటెడు పచ్చి నూనె నోట్లో పోసుకుని మింగింది.

"సూసిన్రా? ఏమన్న అయ్యిందా నాకు?"

"అలవాటైన పానం, ఏమయితది?" అన్నాడు వెనక నుంచి ఎవడో. నవ్వులు. ఎవరూ కొనలేదు.

మొండయ్యకు అనుమానించడానికి మనుషులు అయిపోయారు. అంబదాస్ కాదు. ఎదురుగా చాయ్ హోటల్ పెట్టిన వెంకటి అనుకున్నాడు. కానీ బజ్జీలు తినేవాళ్లు తగ్గాక వెంకటి చాయ్ కూడా తగ్గి, అతనే వచ్చి గోడు వెళ్లబోసుకున్నాడు. ఇంక మిగిలింది మొదటిసారి వాసన చూసినవాడే. మొండయ్య కుంటుకుంటూ హనుమండ్లు ఇంటికి పోయాడు. ఇద్దరివీ ఒకే వరసలో ఇళ్లు. హనుమండ్లు నులక మంచం మీద కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"గా మాట పుట్టించినోడెవడురా?"

"నేనే," అన్నాడు హనుమండ్లు. తల కూడా ఎత్తలేదు.

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని మొండయ్య అనుకోలేదు.

"ఎందుకు?"

"కండ్లతోని జూసిన గనుక. ఫస్ట్ షిఫ్టుకు పోతుంటే నువ్వు నెమలి బొమ్మ డబ్బా నెత్తిమీద పెట్టుకొని, మీద తువ్వాల గప్పి, ఇంటి దిక్కు పోతుంటివి. గదే నెమలి బొమ్మ డబ్బా చెల్లె కొట్ల ఉన్నది. నేనేమనుకోవాలె?"

ఇది నిజమే. క్యాంటీన్‌కు నూనె వచ్చేది నెమలి బొమ్మ డబ్బాల్లో. ఖాళీవి మూడు అడిగి తెచ్చుకున్నాడు మొండయ్య. రెండు హౌజుకు. ఒకటి బాలవ్వ గానుగ నూనె పోసుకోవడానికి.

"బూడిద కుప్పకు తొవ్వ మా ఇంటి మీదికెల్లే గదరా!"

"కావచ్చు. మరి జిడ్డు డబ్బా గంత తళతళ ఎందుకు మెరుస్తది? మా ఇంట్ల మంచినీళ్ల బిందె గూడ గట్ల మెరువది. పారవోసేదాన్ని ఎవడన్న తోమి, మూతవెట్టి, బట్టగప్పి తీస్కపోతడా? నువ్వు జెప్పు. ఎందుకు తోమినవ్?"

మొండయ్య దగ్గర జవాబు ఉంది. తమ్ముడికి తెలియకూడదని. తాను మేస్త్రిని కానని, హౌజు తోడేవాడినని ఎవరి కంటా పడకూడదని. ఆ జవాబు చెబితే డబ్బా తోమిన కష్టమంతా వృథా.

"సూడు," అన్నాడు హనుమండ్లు. "నువ్వు జెప్పవు. గందుకే నేను తినను. నాకు నీ మీద పగ లేదు. గా బజ్జీలు లేక నాకు నిద్రపడుతలేదు, తెలుసా?"

ఇంటికి వచ్చి మొండయ్య ఆ మాటలన్నీ బాలవ్వకు చెప్పాడు. ఆమె మిర్చి తొడిమలు తీస్తూ విన్నది. అప్పటికి పొయ్యి మీద మూకుడు పెట్టక నాలుగు రోజులైంది.

"హనుమండ్లన్న అన్నది అబద్ధమా?" అంది.

"ఏది?"

"డబ్బా గంత ఎందుకు మెరుస్తదని నేను గూడ అనుకున్న. మన పెండ్లిల పెట్టిన ఇత్తడి బిందెను ఏనాడన్న గట్ల తోమినవా నువ్వు?"

"నువ్వు గూడ అనుమానపడుతున్నవా?"

"నాకు తెలుసు గనుక పడుతలేను. తెల్వకుంటే పడేదాన్నే." తొడిమలు పక్కకు నెట్టింది. "ఇగో, ఇను. అంగడి నాడు చెయ్యి. పాత తీరు. పట్టపగలు, అందరు చూడంగ, వాసన కొట్టంగ."

"అంగడి నాడు రాయమల్లు వస్తడు."

"వస్తడు. బస్తెడు మిర్చి తెస్తడు. తెచ్చి ఏం జెయ్యాలె? నీ తల మీద కట్టుకుంటవా?"

"ఇంకోనాడు చేస్త."

"ఇంకోనాడు ఎవడుంటడు ఈడ చూసేటందుకు? సగం మంది కింద, సగం మంది నిద్రల. అంగడి నాడే అందరు పైన ఉంటరు." ఆమె గొంతు పెరిగింది. "నీ తమ్ముడు అంగడికొక్కపారి వచ్చి నిన్ను చూసి మురిసిపోయి పోతడు. నేను దినాం గా మూకుడు ముంగట కూసునేదాన్ని. నీకు ఇంటి పరువు యాడుందో తెలుస్తలేదు."

మొండయ్య అడ్డదారులు ఆలోచించాడు. డబ్బాకు నల్ల రంగు వేస్తే? మూత తీసి మోస్తే? కానీ తెల్లారగట్ల మూత తీసినా చూసేవాడెవడు? చూడనివాడికి రుజువు చేయడం ఎలా? కొన్నాళ్లు ఆగితే జనమే మరిచిపోతారని తనకు తాను చెప్పుకున్నాడు. మరునాడు కొట్టు ముందు నుంచి పోతూ చూశాడు. బాలవ్వ మూకుడు పక్కన వెంకటి హోటల్ వాళ్లు చెప్పుల జత ఆరబెట్టుకున్నారు. ఆమె తీయమనలేదు. అప్పుడు మొండయ్యకు భయం వేసింది.

అంగడి రోజు ఎండ బాగా ఎక్కింది. గేటు ముందు కూరగాయల గంపలు, గాజులవాళ్లు, పాత బట్టలవాళ్లు. మొండయ్య పొయ్యి మీద గంగాళం పెట్టి నీళ్లు మరగబెట్టాడు. అంబదాస్ నోరు తెరిచి చూశాడు.

"భావూ, గిదేం పని? నక్కో, నక్కో! వంటింట్ల నిలవడలేం!"

"నువ్వే గద మాయమైతున్నదంటివి. చూసుకో."

మరిగిన నీళ్లు హౌజులో పడగానే ఆవిరి లేచింది. ఆవిరి వెంట వాసన లేచింది. గిన్నెలు తోమే ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని అతని తాతముత్తాతలను తిడుతూ బయటికి ఉరికారు. మొండయ్య కట్టెతో కలియబెట్టి, బకీటుతో తోడి, డబ్బాలో పోశాడు. చిత్రం ఏమిటంటే, చుక్క చిందకుండా చేయడానికి అలవాటుపడిన చేయి చిందించడానికి మొరాయించింది. డబ్బా అంచు మీదుగా పోయాలని మనసుకు చెప్పుకుని పోయాల్సి వచ్చింది. నెమలి బొమ్మ మీదుగా జిడ్డు చారలుగా కారింది. మూత పెట్టలేదు. తువ్వాల కప్పలేదు. దాన్ని నడుముకు చుట్టుకున్నాడు.

డబ్బా నెత్తికెత్తుకుని గేటులోంచి సరాసరి అంగడిలోకి నడిచాడు.

వంగని మోకాలు అడుగడుగుకూ అతన్ని ఒక పక్కకు తూలించింది. తూలినప్పుడల్లా డబ్బా తొణికింది. చెవి మీద, భుజం మీద వెచ్చగా కారింది. జనం గాజుల గంపలు లాక్కుని రెండు పక్కలకూ చీలిపోయారు.

"అరే, పక్కకు జరుగుర్రి! ఏందిరా గీ కంపు!"

"నీ మొకం మండ, అంగట్లకెల్లి తెస్తవా!"

"గిదేనా హౌజు జిడ్డు? థూ!"

ఆ తిట్లు మొండయ్య చెవులకు చల్లగా తగిలాయి. అడుగుతున్న గొంతుల్లో అనుమానం లేదు, అసహ్యం మాత్రమే ఉంది. అతను కొట్టు ముందుకు వచ్చాడు. బాలవ్వ తల ఎత్తి చూసి మూకుడు కింద కట్టె ముందుకు నెట్టింది. పక్కన బల్ల మీద, మిర్చి బస్తా కాళ్ల మధ్య పెట్టుకుని, రాయమల్లు కూర్చుని ఉన్నాడు.

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. రాయమల్లు లేవబోయి, లేవలేదు. మొండయ్య ఆగాలనుకున్నాడు. ఆగితే డబ్బా తొణికి కొట్టు ముందే ఒలుకుతుంది. ఆగకుండా నడిచిపోయాడు.

బూడిద కుప్ప దాకా ఐదారుగురు వెంట వచ్చారు, ముక్కులు మూసుకునే. ఇంత చూశాక కూడా చివరి చుక్క ఎటు పోతుందో చూడాలి వాళ్లకు. మొండయ్య గుంత తీసి, డబ్బా బోర్లించి, బూడిద కప్పాడు. హనుమండ్లు ఒక పుల్ల తీసుకుని గుంతలో పొడిచి చూశాడు.

"సరే," అన్నాడు.

అంతే. క్షమాపణ అడగలేదు. మొండయ్య కూడా ఆశించలేదు.

బావి దగ్గర ఒళ్లంతా రుద్దుకుని అతను తిరిగి వచ్చేసరికి కొట్టు చుట్టూ మనుషులున్నారు. బాలవ్వ చేతులు ఆడుతున్నాయి. పిండి గిన్నె అడుగంటింది. హనుమండ్లు ఒక బజ్జీ తీసుకుని వాసన చూశాడు, కొరికాడు, నాలుక కాలి ఊదుకున్నాడు, మళ్లీ కొరికాడు. మిర్చి బస్తా బల్ల కింద ఉంది. బల్ల మీద ఎవరూ లేరు.

"పోయిండా?"

"పోయిండు. బజ్జీ పెడితే తినలే. నీళ్లిస్తే ముట్టలే. 'బస్సు టైమైంది, అన్నకు చెప్పు వదినె' అన్నడు." బాలవ్వ వాయి తిప్పింది. "బస్సు ఇంకా రానే రాలే. గా చింతచెట్టు కింద నిలవడ్డడు, సూడు."

మొండయ్య చూశాడు. రాయమల్లు వీపు ఇటు తిప్పి నిలబడి ఉన్నాడు. పిలుద్దామనుకున్నాడు. కొట్టు ముందు అరవడం బాగుండదని ఊరుకున్నాడు. బస్సు చాలాసేపటికి గానీ రాలేదు.

ఆ తర్వాత మిర్చి బస్తా బస్సు కండక్టర్ చేతి మీదుగా వచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు. మరుసటి ఏడాది చైత్రంలో కుటుంబమంతా కొండగట్టులో మొక్కు తీర్చడానికి కలిశారు. కొండ కింద చెట్ల నీడన పొయ్యి పెట్టారు. మొండయ్య కట్టెలు అందుకోబోతే రాయమల్లు భార్య మర్యాదగా, "నువ్వు కూసో బావా, మేం చూస్తం," అంది. నీళ్లు తేబోతే రాయమల్లే బిందె తీసుకున్నాడు. అందరూ చాలా గౌరవంగా చూశారు. ఏ పనీ ముట్టనివ్వలేదు. అతని విస్తరి వరస చివర, కాస్త ఎడంగా వేసి ఉంది. వంగని మోకాలికి చోటు కావాలి గనుక అన్నారు.

కొట్టు నిలబడింది. రేకుల కింద బల్లలు రెండయ్యాయి. మొండయ్య మళ్లీ తన పద్ధతికే వచ్చాడు. చల్లదనంలో పొర కోయడం, బూడిద పరచడం, ఊక చల్లడం. వేడి నీళ్ల జోలికి మళ్లీ పోలేదు. అయితే డబ్బా మోసేది తెల్లారగట్ల కాదు, ఫస్ట్ షిఫ్టు మనుషులు గేటు దగ్గర గుమిగూడే వేళకు. మూత లేకుండా. బయలుదేరే ముందు ఇంకో పని చేసేవాడు. రెండు వేళ్లతో కాస్త జిడ్డు తీసి నెమలి బొమ్మ మీద అడ్డంగా పూసేవాడు.

అంబదాస్ ఒకసారి అది చూశాడు.

"భావూ, చుక్క కింద పడకుంట పనిజేసి, మల్ల గదెందుకు?"

మొండయ్య వేళ్లను బూడిదలో తుడుచుకున్నాడు.

"బజ్జీలకు," అని డబ్బా నెత్తికెత్తుకున్నాడు.